ఓడ కడుపులో దుమ్ము

ఒరే అబ్బయ్యా, ఆ చింతమొద్దు కొంచెం ఇవతలికి జరుపు. పొగంతా నా మొగం మీదికే వస్తా వుంది. దేన్కనికోట సీమ చలికి ఈ మంటన్నా లేకుంటే ముసలోళ్లం మార్గశిరం దాటము. ఏమడిగితివి? నేవీ మామ కతనా?

ఆయన మీ అవ్వకు సొంత అన్న, నాకు బావ. 1964లో నేవీలో చేరినాడు. అప్పుడు మన హోసూరు సేలం జిల్లాలో వుండె. మరుసటేడు ధర్మపురి జిల్లా అయింది, కృష్ణగిరి జిల్లా ఇదో, మొన్న 2004లో వచ్చిందే. ఆ కాలంలో సిప్కాటు ఫ్యాక్టరీలూ లేవు, లేలాండు లారీల కంపెనీ లేదు. రాగి చేను, ఉలవ చేను, అది కాదంటే మిలిటరీ. సముద్రం ఎట్లుంటుందో చూడనోడు పోయి ఓడెక్కినాడు. ఎక్కినా సముద్రం కనపడితే కదా? స్టోకరు పని. ఓడ అడుగున, బాయిలర్ల కాడ.

సెలవుకు వచ్చినప్పుడు చెప్తా వుండె. ఆవిరి గొట్టాలు ముట్టుకుంటే తోలు ఊడొస్తుందంట. అందుకని వాటికి పొడుగునా ఆస్‌బెస్టాస్ చుట్టేది. తెల్లపొడిని బకెట్లో పోసి, నీళ్లు కలిపి, వట్టి చేతుల్తో, మన ఆడోళ్లు గోడకు ఎర్రమన్ను మెత్తినట్ల మెత్తేది. పైన గుడ్డ చుట్టేది. తడిగా వున్నంతసేపూ ఏమీ లేదు. ఓడను రిపేరుకు డాక్‌యార్డులో పెట్టినప్పుడే అసలు కత. ఎండిపోయిన ఆ మెత్తును సుత్తితో కొట్టి రాల్చేది. ఆ గదికి కిటికీ వుండదు. ఎదురుగా వుండే మనిషి మొగం తెలిసేది కాదంట. పనయినాక తలకాయలు దులుపుకోని, ఆ బట్టల్తోనే అన్నానికి పోయేది. పండుకునే పరుపు మీద కూడా అదే గొట్టం పోతా వుండె. ఫిరంగి పేలితే ఓడంతా అదిరి, పైనుంచి పొడి రాలుతుందంట. నవ్వుకుంటా చెప్పేవాడు, సంకురాత్రికి సున్నం కొట్టుకున్నట్ల వుంటాము బావా అని.

పదహైదేండ్లు చేసి, రొమ్ము విరుచుకోని ఇంటికొచ్చినాడు. విడిచిపెట్టేటప్పుడు డాక్టర్లు చూసి అన్నీ బాగుండాయని రాసిచ్చినారు. బాగుండె కూడా. ఆ దుమ్ము తీరు అట్లాంటిది. కంటికి ఆనని సన్నపోగులు ఊపిరితిత్తిలో గుచ్చుకోని, ఇరవై ముప్పై ఏండ్లు, ఒక్కోసారి నలభై ఏండ్లు సద్దు లేకుండా కూర్చుంటాయి. బావకు అరవై దాటినాక ఆయాసం మొదలాయె. గుట్టెక్కి గుడికి పోయేటోడు ఇంటి మెట్టెక్కలేకపోయె. బెంగుళూరు ఆసుపత్రిలో ముక్క తీసి చూసి, ఊపిరితిత్తి క్యాన్సరనిరి.

పింఛను కోసం అర్జీ పెట్టినాము. తెలుగులో నేను చెప్పింది, బడి అయ్యవారు ఇంగ్లీషులో రాసిచ్చె. ఏ ఆఫీసని చెప్పను, పేరెందుకు ఇప్పుడు. రెండు మాటల్తో తిప్పి పంపిరి. నువ్వు బీడీ తాగేటోడివి, ఇది ఒకటి. విడుదలైనాక గడువు లోపల రోగం బయటపడలేదు, ఇది రెండు. ఆ గడువు పదేండ్లు కూడా దాటదు. ముప్పై ఏండ్లకు బయటపడే రోగానికి పదేండ్ల గడువంట. ఆ రూలు రాసినోడు ఏ రోగాన్ని తలుచుకోని రాసినాడో!

బీడీ మాటకు జవాబుంది. ఆస్‌బెస్టాస్ దుమ్ము, పొగ రెండూ కలిస్తే ముప్పు కూడిక లెక్కన కాదు, హెచ్చింపు లెక్కన పెరుగుతుందని న్యూయార్కులో సెలికాఫ్ అనే డాక్టరు, ఆయన జతగాళ్లు 1968లోనే చూపించినారు. బీడీ తాగినాడు కాబట్టి దుమ్ము తప్పు లేదనేది ఏ లెక్క? ఇది మాకు తెలిసేసరికి బావ లేడు.

మా కాడ వున్న సాక్ష్యం ఆయన సర్వీసు పుస్తకం ఒక్కటే. ఏ ఓడ, ఏ తేదీ, అన్నీ వుండాయి. దుమ్ము సంగతి ఒక్క గీత లేదు. విశాఖపట్నంలో వుండే జతగాడు ఒకాయన, ఇద్దరమూ ఒకే బకెట్లో కలిపినామని నోటరీతో రాసి పంపె, మహానుభావుడు. మద్రాసుకు పోయి మిలిటరీ ట్రిబ్యునల్లో వెయ్యండనిరి. అది 2009లో వచ్చిందిలే. వకీలు, బస్సులు, వాయిదాలు... మీ అత్తమ్మ ఇంక చాలు అనె.

ఇంగ్లండులో కూడా సిపాయిలు 1987 దాకా సర్కారు మీద దావా వేసేదానికి చట్టమే అడ్డం. కొట్లాడి కొట్లాడి 2016లో, మెసోథెలియోమా అనే ఊపిరితిత్తుల పైపొర క్యాన్సరు వచ్చిన మాజీ సైనికులకు 1,40,000 పౌన్లు ఒకేసారి తీసుకునే వీలు తెచ్చుకున్నారు. అప్పట్లో మన ఓడలు చానా అక్కడినుంచి వచ్చినవే. ఓడలు వచ్చినాయి, ఆ చట్టం రాలేదు.

మన దేశంలో తీర్పు లేదా అంటే, వుంది. అహమ్మదాబాదు వినియోగదారుల సంఘం వేసిన కేసులో 1995 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. రాసిన జడ్జి కె. రామస్వామి, మన తెలుగాయనే. ఆస్‌బెస్టాస్ జబ్బని తేలిన కార్మికునికి లక్ష రూపాయలు ఇమ్మనె. నాకు దానికన్నా గొప్పగా తోచింది ఇంకోటి. పనోళ్ల ఆరోగ్యం రికార్డులు పనిలో చేరినప్పటినుంచి 40 ఏండ్లు, లేదంటే పని మానినాక 15 ఏండ్లు, ఏది తర్వాత వస్తే అప్పటిదాకా దాచిపెట్టాలనె. రోగం గుణం తెలిసినోడు రాసిన మాట అది. కానీ అది ఫ్యాక్టరీలను, గనులను చూసి చెప్పింది. ఓడ అడుగున వున్నోడిది ఎవరు దాచినారు?

ఇదంతా ఎందుకు చెప్తా వుండానంటే, నువ్వు కృష్ణగిరి రోడ్డులో లారీ షెడ్డులో చేరినావు కదా. బ్రేకు డ్రమ్ము విప్పి గాలి పైపుతో ఊదుతావంట, మీ అమ్మ చెప్పింది. ఆ లైనింగుల్లో కూడా ఇదే సరుకు వేస్తా వుండిరి. కొత్తవాటిలో లేదంటారు, పాత బండ్లకు ఏం పడుతుందో నీకు తెలుసునా? గనులు మూసుకున్నా, బయటి దేశాలనుంచి తెల్ల ఆస్‌బెస్టాస్ ఇంకా దిగతానే వుంది. పైపు పక్కన పెట్టి తడిగుడ్డతో తుడువు. రిజిస్టరులో నీ పేరుందా? లేదా? అయితే ఏ తేదీన చేరితివో, ఏ పని చేస్తా వుండావో ఒక నోటుబుక్కులో రాసుకో. తడిగుడ్డయితే అరగంట ఎక్కువ పడుతుందని మీ ఓనరు గొణిగితే నాకు ఫోను చెయ్యి, నేనొచ్చి మాట్లాడతా.