నిలిచిన కొట్టు నుంచి స్టేషనరీ దాకా

‘స్టేషనరీ’ అని పలికే మాటలు ఇంగ్లీషులో రెండున్నాయి. చివర ‘ఏఆర్‌వై’ రాస్తే కదలకుండా నిలిచి ఉన్నదని అర్థం. ‘ఈఆర్‌వై’ రాస్తే కాగితాలు, కలాలు, కవర్లు. తెలుగు లిపిలో రెంటికీ తేడా లేదు కాబట్టి ఇంగ్లీషులో రాసేటప్పుడు మనవాళ్లు తరచూ తడబడతారు. ఇంగ్లీషువాళ్లకూ ఈ తడబాటు తప్పదు. ఎందుకంటే రెండూ ఒకే తల్లి బిడ్డలు.

ఆ తల్లి లాటిన్‌లో ‘నిలబడు’ అని చెప్పే ‘స్టారే’. సంస్కృతంలో ‘స్థా’ ధాతువు దానికి తోబుట్టువు. మన స్థానం, స్థిరం, రైలు ఆగే స్టేషన్, అన్నీ ఆ వంశానివే.

13వ శతాబ్దంలో బొలోన్యా, పారిస్ విశ్వవిద్యాలయాల దగ్గర ‘స్టేషనారియస్’ అనే వర్తకులుండేవారు. ఊరూరా తిరిగి అమ్ముకునేవాళ్లలా కాక, వీళ్లు ఒకచోట స్థిరంగా కొట్టు పెట్టుకున్నారు. అచ్చుయంత్రం రాని కాలమది. సరిచూసిన మూలప్రతిని భాగాలుగా విడదీసి, ఒక్కో భాగాన్ని నకలు రాసుకోవడానికి అద్దెకిచ్చేవారు. అద్దె ఎంతో విశ్వవిద్యాలయమే నిర్ణయించేది.

లండన్‌లో రాయసగాళ్లు, బొమ్మలతో ప్రతులను అలంకరించేవాళ్లు, బైండర్లు, పుస్తకాల వర్తకులు 1403లో ఒక సంఘంగా ఏర్పడ్డారు. దాని వారసురాలైన స్టేషనర్స్ కంపెనీకి 1557లో రాజశాసనం దక్కింది. పుస్తకం అచ్చువేసే హక్కు ఎవరిదో ఆ కంపెనీ రిజిస్టరు తేల్చేది. షేక్‌స్పియర్ నాటకాల తొలి సంపుటం కోసం, అంతవరకు అచ్చుకాని నాటకాలను 1623లో నమోదు చేసింది అందులోనే.

కాలక్రమంలో పుస్తకాలు అమ్మేవాళ్లకు, ప్రచురించేవాళ్లకు వేరే పేర్లొచ్చాయి. స్టేషనర్ అన్న పేరు కాగితం, సిరా అమ్మేవాడికి మిగిలింది. అతని సరుకు స్టేషనరీ అయింది. 1786లో బ్రిటిష్ ప్రభుత్వం తన కార్యాలయాలకు కాగితాలు సమకూర్చడానికి పెట్టిన సంస్థకూ స్టేషనరీ ఆఫీసనే పేరు పెట్టారు.

స్పెల్లింగు గుట్టు ఈ చరిత్రలోనే ఉంది. అమ్మేవాడి పేరు ‘ఈఆర్’తో ముగిస్తే సరుకు పేరులోనూ అదే ఉంటుంది: గ్రోసర్ అమ్మేది గ్రోసరీ, స్టేషనర్ అమ్మేది స్టేషనరీ. కదలని దానికి వర్తకుడితో పని లేదు. ఆర్డినరీ, మిలిటరీల మాదిరే లాటిన్ నుంచి వచ్చిన ‘ఏఆర్‌వై’ దానికి ఉండిపోయింది.

పిల్లలు ఈ రెండు మాటలనూ తారుమారు చేస్తే ఎర్రసిరాతో కొట్టేసి ఊరుకోవద్దు. ఒకచోట కొట్టు పెట్టుకున్న ఆ వర్తకుడి కథ చెప్పండి. బట్టీ పట్టినది పరీక్ష దాకా ఉంటుంది, కారణం తెలిసినది బతుకంతా ఉంటుంది.