‘చెక్కు’ పుట్టు పూర్వోత్తరాలు

ముస్లిం నాగరికత ప్రపంచానికి ఇచ్చిన కానుకలను గూర్చి ప్రసంగించేటప్పుడు మనవారు తరచు చెప్పే మాట ఒకటున్నది: బ్యాంకుల్లో వాడే ‘చెక్కు’ అరబ్బీ ‘సక్’ నుండి పుట్టిందని. వినడానికి ఇంపుగానే ఉన్నా, ఈ మాట ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించవలసి ఉన్నది. ఎందుకంటే, రుజువు లేని గొప్పను చెప్పుకునేవారు రుజువున్న గొప్పను చెప్పినా ఎవరూ నమ్మరు.

ఈ ఇంగ్లీషు పదం మన వ్యవహారంలో ఎన్ని వేషాలు వేస్తున్నదో మొదట చూద్దాం. బ్యాంకులో ఇచ్చేది చెక్కు. రహదారిపై లారీలను ఆపేది చెక్‌పోస్టు. రైలులో టిక్కెట్లు చూడటం చెకింగు. గళ్ల చొక్కా చెక్స్ చొక్కా. ప్రత్యర్థిని కట్టడి చేస్తే ‘చెక్ పెట్టాడు’ అని పత్రికలు రాస్తాయి. (‘చెక్కు చెదరని’ అనే పలుకుబడిలోని చెక్కు మాత్రం అచ్చ తెలుగు; దానికీ దీనికీ చుట్టరికం లేదు.) డబ్బు, ఆపడం, సరిచూడటం, గళ్లు - వీటికి పొత్తు ఎక్కడ కుదిరింది? చదరంగం బల్ల మీద.

ఏనుగులు, రథాలు, గుర్రాలు, కాలిబంట్లు గల మన చతురంగం సుమారు 6వ శతాబ్దంలో ఇరాన్ చేరి ‘చత్రంగ్’ అయింది. 7వ శతాబ్దంలో ముస్లిములు ఇరాన్‌ను జయించిన పిమ్మట, అరబ్బీలో ‘చ’ ధ్వని లేనందున అది ‘షత్రంజ్’గా మారింది. పేరు మారినా రాజు మాత్రం ఫార్సీ ‘షాహ్’గానే నిలిచాడు. రాజుకు ప్రమాదం ఏర్పడినప్పుడు ‘షాహ్’ అని హెచ్చరించడం ఆట మర్యాద. ఇక రాజుకు కదలిక లేకుంటే ‘షాహ్ మాత్’. ఈ ‘మాత్’ను ‘మరణించాడు’ అనే అరబ్బీ క్రియగా కొందరు చెబుతారు. కాని ఆటలో రాజును ఎవరూ చంపరు గదా! దిక్కుతోచని స్థితిని తెలిపే ఫార్సీ ‘మాత్’ అనడమే నాకు సబబుగా తోస్తున్నది. ఉర్దూలో ‘మాత్ ఖానా’ అంటే ఓడిపోవడమే.

స్పెయిన్, సిసిలీ మొదలైన ముస్లిం ప్రాంతాల ద్వారా ఈ ఆట ఐరోపాకు వెళ్లింది. ‘షాహ్’ లాటిన్‌లో ‘స్కాకుస్’, పాత ఫ్రెంచిలో ‘ఎషెక్’ అయి, చివరకు ఇంగ్లీషులో ‘చెక్’గా స్థిరపడింది. ఆటకు పెట్టిన ‘చెస్’ అనే పేరూ ఆ మాటకు బహువచనమే. రాజును అడ్డగించడం నుండి ఆపడం, ఆపడం నుండి అదుపు, అదుపు నుండి సరిచూడటం - ఇలా అర్థం సాగిపోయింది. బల్ల మీది గళ్ల నుండి చెక్స్ బట్ట వచ్చింది.

లాటిన్‌లో చదరంగం బల్లను ‘స్కకారియుమ్’ అన్నారు. 12వ శతాబ్దపు ఇంగ్లండులో రాజు ఖజానా లెక్కలు చూసే కచేరీకి ఇదే పేరు వచ్చింది. 1170లలో ఖజానా అధికారి రిచర్డ్ ఫిట్జ్‌నీల్ రాసిన గ్రంథం ప్రకారం, అక్కడ పది అడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు గల బల్ల మీద చారల నల్లగుడ్డ పరిచి, గడులలో బిళ్లలు పేర్చి లెక్కకట్టేవారు. రోమన్ అంకెలతో కూడికలు చేయడం అంత కష్టం మరి! ఆ కచేరీ ‘ఎక్స్‌చెకర్’ అయింది. బ్రిటన్ ఆర్థికమంత్రి బిరుదులో నేటికీ ఆ చదరంగం బల్ల ఉన్నది.

బ్యాంకు చెక్కు వీటన్నిటికంటే చిన్నది. 18వ శతాబ్దారంభంలో చెల్లింపు పత్రంతోపాటు ఉండే కౌంటర్‌ఫాయిలును ‘చెక్’ అనేవారు. మోసం జరగకుండా సరిచూసుకునేందుకు అది ఆధారం. క్రమేణా ఆ పేరు పత్రానికే అంటుకున్నది.

మరి ‘సక్’ మాటేమిటి? అది కల్పన కాదు. ఇమామ్ మాలిక్ ‘మువత్తా’లో ఒక సంఘటన ఉన్నది. మర్వాన్ బిన్ హకమ్ మదీనా గవర్నరుగా ఉన్న రోజుల్లో, ఎర్రసముద్రపు రేవు అల్-జార్‌లోని ధాన్యం కోసం ప్రజలకు ‘సుకూక్’ (సక్‌కు బహువచనం) ఇచ్చారు. ధాన్యం చేతికి రాకముందే ప్రజలు ఆ చీటీలను కొనడం, అమ్మడం మొదలుపెట్టారు. హజ్రత్ జైద్ బిన్ సాబిత్, మరొక సహాబీ వెళ్లి గవర్నరును నిలదీయగా, అతడు భటులను పంపి చీటీలను వెనక్కి తెప్పించాడు. కాగితమే సరుకైపోవడంలోని ప్రమాదాన్ని వారు 7వ శతాబ్దంలోనే గుర్తించారన్నమాట! 10వ శతాబ్దపు యాత్రికుడు ఇబ్న్ హౌకల్, సహారా అంచున ఔదగుస్త్‌లో 42,000 దీనార్ల సక్‌ను చూశాడు. అక్కడి వర్తకుడొకడు మొరాకోలోని సిజిల్‌మాసా వ్యాపారికి బాకీపడిన సొమ్ము అది. తూర్పు దేశాల్లో అటువంటిది వినలేదని ఆయనే ఆశ్చర్యపోయాడు. అయితే అది అప్పు పత్రమే గాని, బ్యాంకు మీద రాసిన చెక్కు కాదు.

పని పోలినంత మాత్రాన పేరు పుట్టదు. ‘సక్’ ఇంగ్లండు చేరి ఉంటే, అరబ్బులతో ముందు వర్తకం చేసిన ఇటలీ, స్పెయిన్, ఫ్రాన్సుల భాషల్లో దాని జాడ కనిపించాలి. కాని ఫ్రెంచివారు ‘షెక్’ను 19వ శతాబ్దంలో ఇంగ్లీషు నుండే తెచ్చుకున్నారు. స్పెయిన్‌వారి ‘చెకే’ కూడా అంతే. ‘సక్’ వాదాన్ని నేను అంగీకరించలేకపోవడానికి కారణం ఇదే.

ఈనాడు ‘సుకూక్’ అనేది ఇస్లామీయ ఆర్థిక సంస్థల పెట్టుబడి పత్రాలకు పేరు. బ్యాంకు చెక్కును మాత్రం కైరో వాసి సక్ అనడు, ‘షీక్’ అంటాడు. అరబ్బుల చదరంగంలో నుండి ఐరోపాకు వెళ్లిన ‘షాహ్’, వెయ్యేళ్ల తరువాత చెల్లింపు కాగితమై అదే అరబ్బీలోకి తిరిగి వచ్చాడు.