క్రోన్ రక్తంలో లేనిది

న్యూయార్క్, 1990ల నడుమ. ఆరన్ డైమండ్ ఎయిడ్స్ పరిశోధనా కేంద్రంలో విలియం ప్యాక్స్టన్ ముందు స్టీఫెన్ క్రోన్ తెల్లరక్తకణాలున్నాయి. వాటి మీద హెచ్ఐవీ వేశాడు. సోకలేదు. మోతాదు పెంచాడు. ఇంకా పెంచాడు, మనిషి ఒంట్లో ఎన్నడూ ఉండనంతగా, వేల రెట్లు. కణాలు లొంగలేదు. ల్యాబ్‌లో పనిచేసేవాళ్లకి ఇలాంటప్పుడు ముందు పుట్టేది సంతోషం కాదు, అనుమానం: వైరస్ చచ్చిందా, కణాలే పాడయ్యాయా అని.

క్రోన్ చిత్రకారుడు. పొట్టకూటికి ప్రూఫ్‌రీడింగ్ చేసేవాడు. 1982లో ఆయన భాగస్వామి ఎయిడ్స్‌తో పోయాడు, ఆ తర్వాత స్నేహితులు ఒకరి వెంట ఒకరు. తనకు మాత్రం ఏమీ కాలేదు. ఎందుకో చూడండంటూ తానే వైద్యుల వెంటపడ్డాడు. అన్నట్టు, పేగుల వాపు జబ్బు ఒకదానికి పేరిచ్చిన డాక్టర్ బరిల్ క్రోన్ ఈయనకు తాత వరస. వాపుకీ ఈ గాథకీ చుట్టరికం ఉంది. అక్కడికే వస్తున్నా.

1996 జూన్‌లో ఐదు బృందాలు ఇంచుమించు ఒకేసారి తేల్చాయి: హెచ్ఐవీ కణంలోకి దూరాలంటే కణం మీదుండే సీడీ4 అనే రిసెప్టర్ ఒక్కటే చాలదు, సీసీఆర్5 అనే రిసెప్టర్ కూడా కావాలి. నిజానికి సీసీఆర్5 ఉద్యోగం వేరు. వాపు వచ్చినచోట కణాలు కీమోకైన్లనే సంకేతాలు వదులుతాయి. వాటిని పసిగట్టి తెల్లకణాన్ని అటు నడిపించడమే దాని పని. ఆగస్టులో క్రోన్ గుట్టు బయటపడింది. అమ్మ నుంచి వచ్చినదాంట్లో, నాన్న నుంచి వచ్చినదాంట్లో, సీసీఆర్5 జన్యువు రెండు ప్రతుల్లోనూ 32 అక్షరాలు ఎగిరిపోయాయి. అరకొరగా తయారైన రిసెప్టర్ కణం పైకే రాదు. యూరప్ మూలాలున్నవారిలో సుమారు నూటికొకరు ఇలా పుడతారు. మన దేశంలో చాలా అరుదు.

జన్యువు చదివితే లోపం తెలుస్తుంది. ఏ కణం మీద ఎంత రిసెప్టర్ ఉందో తెలియదు. అందుకు దాన్నే పట్టుకునే యాంటీబాడీ కావాలి. 352 అమైనో ఆమ్లాల ఈ ప్రోటీన్ కణపొరను ఏడుసార్లు దాటుతుంది. బయటికి కనిపించేవి ఒక కొసా కొన్ని మెలికలే. పైగా సీసీఆర్2 అనే మరో రిసెప్టర్ దీనికి కవలలాంటిది.

మసాచుసెట్స్‌లోని ల్యూకోసైట్ కంపెనీలో లీజున్ వూ, చార్లెస్ మకే బృందం ప్రోటీన్ ముక్కతో సరిపెట్టుకోలేదు. పైనంతా సీసీఆర్5 మొలిపించిన కణాల్నే ఎలుకలకు ఎక్కించింది. ఆ ఎలుకల ప్లీహకణాలను క్యాన్సర్ కణాలతో కలిపి, పుట్టిన హైబ్రిడోమాలను వడపోసింది. వాటి నుంచి వచ్చే యాంటీబాడీ సీసీఆర్5కి అంటుకోవాలి, సీసీఆర్2ని ముట్టకూడదు. అలా నెగ్గిన యాంటీబాడీ చేతికొచ్చింది.

ఆ యాంటీబాడీతో మెరిసే రంగు తగిలించిన కణాలు ఫ్లోసైటోమీటర్‌లో లేజర్ ముందు నుంచి ఒక్కొక్కటిగా జారిపోతాయి. తెర మీద రెండు గుట్టలు లేస్తాయి. దేనికీ ప్రత్యేకంగా అంటుకోని యాంటీబాడీది ఎడమన. సీసీఆర్5 ఉంటే రెండోది, అంటే సీసీఆర్5 యాంటీబాడీది, కుడికి జరుగుతుంది. రెండు ప్రతులూ చెడినవాళ్ల కణాల్లో అది కదలదు, మొదటి గుట్ట మీదే కూర్చుంటుంది. ‘లేదు’ అని ధైర్యంగా చెప్పగలిగేది ఆ మొదటి గుట్ట పక్కనుంటేనే. ఒక్క ప్రతే చెడినవాళ్లలో కొద్దిగా జరిగింది. రెండూ బాగున్నవాళ్లలో సైతం మనిషికీ మనిషికీ ఎంతో తేడా! 1997లో ప్రచురించిన ఈ ఫలితాల్లో నన్ను కట్టిపడేసింది అదే. రిసెప్టర్ ఎక్కువున్న కణాలకే వైరస్ ఎక్కువగా సోకింది.

2007లో మారావిరాక్ అనే మాత్రకు అమెరికాలో అనుమతి వచ్చింది. క్రోన్‌కు పుట్టుకతోనే లేని సీసీఆర్5ను అది మూసేస్తుంది. తానొక్కడే మిగిలిపోయానన్న బాధ మాత్రం క్రోన్‌ను వదల్లేదు. 2013 ఆగస్టులో, 66 ఏళ్ల వయసులో ఆత్మహత్య చేసుకున్నాడు.

ఇక వాపు సంగతి. 1998లో మకే బృందమే కీళ్లవాతం రోగుల కీళ్లలో ఊరిన నీటిని పరీక్షించింది. అందులోని టీ కణాల్లో అత్యధికం సీసీఆర్5తో మెరిశాయి. ఇంకేం, దాన్ని మూసేస్తే వాపు తగ్గాలి కదా! కీళ్లవాతం మందు మెథోట్రెక్సేట్‌కు తోడుగా మారావిరాక్ ఇచ్చి చూశారు. ఫలితం కనిపించక మధ్యలోనే ఆపేశారు. అదే కణాల మీద సీఎక్స్‌సీఆర్3 అనే మరో కీమోకైన్ రిసెప్టర్ కూడా ఉందని 1998 నాటి పేపర్‌లోనే రాసి ఉంది.