కొక్కెం కొసన 180 ఏళ్లు

 1905 ఆగస్టు 7న కలకత్తా టౌన్ హాల్లో స్వదేశీ ఉద్యమానికి పిలుపునిచ్చారు. దాని జ్ఞాపకంగా 2015 నుంచి దేశమంతా జాతీయ చేనేత దినోత్సవం జరుపుకుంటోంది. ఉప్పాడ జాందానీ, బండార్లంక చీర ఆ రోజున పత్రికలకెక్కుతాయి. ఎక్కవలసిందే. అయితే గోదావరి గట్ల మీద మగ్గం లేని, చప్పుడు లేని అల్లిక ఇంకొకటి ఉంది. దానికి కావలసిందల్లా సన్నని కొక్కెం సూది, తెల్లదారం ఉండ, కూర్చోడానికి ఓ అరుగు. అదే క్రోషే లేసు. దానికంటూ మన దగ్గర ఏ దినోత్సవమూ లేదు. ఈ ఆదివారం దానికిద్దాం.

కోనసీమలోని దిండికి వచ్చేవాళ్లు ఎక్కువగా వశిష్ట గోదావరిని చూడటానికే వస్తారు. కొబ్బరితోటల నడుమ రిసార్టు, నీటి మీద హౌస్‌బోట్లు, సాయంత్రం పూట నది మీద పరుచుకునే ఎర్రటి ఎండ. చించినాడ వంతెన దాటితే అవతలి గట్టు పశ్చిమ గోదావరి. అక్కణ్ణించి పాలకొల్లు, నరసాపురం ఎంతో దూరం లేవు. లేసుకు నరసాపురం పేరే స్థిరపడింది గానీ, పని మాత్రం వశిష్టకు ఇరుగట్ల పల్లెల్లోనూ సాగింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఇంటి మగవాళ్లు కాస్త నడుం వాల్చాక, ఆడవాళ్లు గుమ్మం దగ్గర వెలుతురులోకి జరిగి సూది పట్టుకునేవారు.

మా అమ్మమ్మ అల్లిన తెల్ల లేసు గుడ్డ మొదట మర్ఫీ రేడియో మీద ఉండేది. రేడియో మూలపడ్డాక టీవీ మీదికెక్కింది. టీవీ గోడకెక్కేసరికి ఫ్రిజ్జు మీదికి చేరింది. ఇంట్లో సామాన్లు మారాయి, గుడ్డ మారలేదు. కోనసీమలో చాలా ఇళ్లలో ఇలాంటి గుడ్డ ఒకటి ఉంటుంది. దాని వెనక ఎంత చరిత్ర ఉందో చాలా కాలం నాకు తెలియలేదు.

బట్ట వెళ్లిన దారిన లేసు వచ్చింది

ఈ తీరానికి నూలుతో బంధం లేసుతో మొదలైంది కాదు. 17వ శతాబ్దంలో పాలకొల్లులో డచ్చివారు, నరసాపురాన్ని ఆనుకున్న మాధవాయిపాలెంలో ఇంగ్లిషు ఈస్టిండియా కంపెనీవారు వర్తక స్థానాలు పెట్టారు. నరసాపురం రేవులో ఓడలు కట్టేవారు. మాధవాయిపాలెం తెల్లవాళ్ల నోట మడపొల్లం అయింది. ఇక్కణ్ణించి వెళ్లిన మెత్తని నూలుబట్టకూ అదే పేరు పడి, ఇంగ్లిషు నిఘంటువుల్లో ఈనాటికీ ఉంది. తర్వాత లాంకషైర్ మిల్లుబట్ట వచ్చి మన నేతను అణగదొక్కింది. 1832-33లో డొక్కల కరువు తీరమంతా మనుషుల్ని రాల్చేసింది. 1833 చార్టరు చట్టంతో కంపెనీ వర్తకమే ముగిసింది.

బట్ట కోసం వచ్చిన ఓడలు పోయాక మతం కోసం వచ్చినవాళ్లు దిగారు. 1836లో ఇంగ్లండులోని డెవన్ నుంచి రాతిపని చేసే విలియం బౌడెన్, చెప్పులు కుట్టే జార్జ్ బీర్ భార్యలతో సహా మన దేశం చేరి, ఆ తర్వాత పాలకొల్లు, నరసాపురాల్లో స్థిరపడ్డారు. 1844 ప్రాంతంలో స్కాట్లాండు నుంచి వచ్చిన మెక్రే దంపతులు ఇక్కడి స్త్రీలకు లేసు అల్లిక నేర్పారని చెప్తారు. మొదట నేర్చుకున్నది కొత్తగా క్రైస్తవం తీసుకున్న మాల, మాదిగ కుటుంబాల ఆడవాళ్లు. దక్షిణాదిలో ఇదొక్కటే కాదు. అంతకు ముందే 1820ల్లో నాగర్‌కోయిల్‌లో మార్తా మాల్ట్ అనే మిషనరీ భార్య కండెలతో అల్లే మరో రకం లేసు నేర్పించింది. 1845లో ఐర్లండులో బంగాళదుంప పంట కుళ్లి కరువొచ్చినప్పుడు అక్కడి పేదరాళ్లు తిండిగింజల కోసం పట్టుకున్నది కూడా ఇదే క్రోషే సూది. డొక్కల కరువు చూసిన గోదావరి తీరమూ, బంగాళదుంపల కరువు చూసిన ఐర్లండూ ఇంచుమించు ఒకే కాలంలో ఒకే కొక్కెం పట్టుకున్నాయి.

1900 నాటికి ఎగుమతి స్థానిక వర్తకుల చేతికి వచ్చింది. క్రమంగా కులాల సరిహద్దులు దాటి కాపు కుటుంబాల్లో, అగ్నికుల క్షత్రియుల ఇళ్లలో పేద స్త్రీలు కూడా ఈ పని నేర్చుకున్నారు. నేర్పినవాళ్ల పేర్లు చరిత్రలో ఉన్నాయి. అమ్మినవాళ్ల పేర్లు దుకాణాల బోర్డుల మీద ఉన్నాయి. తల్లి నుంచి కూతురికి, అత్త నుంచి కోడలికి ఈ విద్యను దాటించినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు.

ఆ దాటించడం ఎలాగో ఒకసారి చూడాలి. పుస్తకం ఉండదు. కూతురు తల్లి పక్కన చేరుతుంది. ముందు గొలుసు. దారానికి ఒక ఉచ్చు వేసి, అందులోంచి కొక్కెంతో దారాన్ని లాగితే ఇంకో ఉచ్చు. ఉచ్చులోంచి ఉచ్చు, దానిలోంచి మరొకటి. గొలుసు సమంగా రాకపోతే తల్లి కొస పట్టుకుని లాగేస్తుంది. అరగంట పని అరనిమిషంలో మళ్లీ వట్టి దారం. “మళ్లీ అల్లవే” అంటుంది. గొలుసు కుదిరాక దాన్ని చుట్టి కలిపితే పువ్వుకు బొడ్డు. దాని చుట్టూ రేకులు. లెక్క తగ్గితే పువ్వు గిన్నెలా ముడుచుకుంటుంది, పెరిగితే అంచు అలలు పోతుంది. లెక్క సరిపోయిన పువ్వు మాత్రమే నేల మీద పెడితే చదునుగా పరుచుకుంటుంది. బడి మెట్లెక్కని ఆడవాళ్లు ఎందరో ఈ లెక్కను పొల్లుపోకుండా వేళ్ల మీద నడిపించారు.

మరియా మీస్ నరసాపురం వచ్చినప్పుడు

ఈ కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం 1978-79 నాటిది. మరియా మీస్ జర్మనీలోని ఐఫెల్ ప్రాంతంలో 1931లో రైతు కుటుంబంలో, 12 మంది సంతానంలో ఒకరిగా పుట్టారు. 1960ల్లో పుణెలో జర్మన్ భాష బోధించారు. సమాజశాస్త్రవేత్తగా ఎదిగాక అంతర్జాతీయ కార్మిక సంస్థ కోసం ఓ అధ్యయనం చేయడానికి నరసాపురం ప్రాంతాన్ని ఎంచుకున్నారు.  ఆ పనిలో ఆమెకు తోడు నిలిచినవారిలో, తర్వాత భారతీయ స్త్రీల రచనల సంకలనానికి సహ సంపాదకురాలైన కె.లలిత ఒకరు.

మన పల్లెల్లో లేసు గురించి ఎవరినడిగినా ఒకటే జవాబు వస్తుంది: “ఖాళీగా ఉన్నప్పుడు చేసుకుంటామండీ.” భర్తనడిగినా ఆ మాటే, ఏజెంటునడిగినా ఆ మాటే. జనాభా లెక్కలవాళ్లు కూడా ఆ మాటే నమ్మారు. లేసు అల్లే స్త్రీ పేరు ఎదురుగా గృహిణి అని రాసుకున్నారు, పనిచేసే మనిషిగా రాయలేదు. మీస్ బృందం చేసిందల్లా ఆ ‘ఖాళీ’ని కొలవడం. పొద్దున్న లేచి నీళ్లు తోడటం దగ్గర్నుంచి వంట, పిల్లలు, పశువులు, మళ్లీ వంట. వీటన్నిటి సందుల్లో లేసు మీద ఎంతసేపు కూర్చుంటున్నారో గంటల్లో లెక్కవేశారు. రోజుకు 6 నుంచి 8 గంటలని తేలింది. ఓ ఫ్యాక్టరీ కార్మికుడి షిఫ్టంత పని. అది ఇన్నాళ్లూ ఖాళీ అనే మాట వెనక దాగి ఉంది.

తర్వాత కూలి లెక్క. సగటున రోజుకు 56 పైసలు! ఆనాడు వ్యవసాయ కూలి చేసే ఆడవాళ్లకు ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనంలో అది మూడో వంతుకు కూడా రాదు. ఇలా పనిచేస్తున్న స్త్రీలు లక్షకు పైనే. వాళ్లు అల్లిన లేసు యూరప్, అమెరికా, ఆస్ట్రేలియా బల్లల మీద పరుచుకుని డాలర్లు తెచ్చేది.

ఆ డబ్బు దారిలో ఎక్కడ ఇంకిపోతోందో కూడా ఆ అధ్యయనం వెతికింది. ఎగుమతిదారు దారం కొని ఏజెంటుకిస్తాడు, ఏజెంటు ఇంటింటికీ పంచుతాడు. ఒకామె పువ్వులు మాత్రమే అల్లుతుంది. వాటిని ఒకటిగా కలిపే అతుకుపని వేరే ఊళ్లో వేరే ఆమెది. పనిని ఇలా ముక్కలు చేయడం వల్ల, జీవితమంతా లేసు అల్లినా పూర్తయిన దుప్పటిని ఒక్కసారి కూడా చూడనివాళ్లు ఉన్నారు. సరుకుతో బయటికి వెళ్లేదీ, బేరమాడేదీ, పట్నం చూసేదీ మగవాళ్లు. అల్లే మనిషి గడప దాటనక్కర్లేదు.

ఆ గడప చుట్టూ మీస్ గమనించిన సంగతి ఇంకా పదునైనది. పరువు గల ఇంటి ఆడది పొలానికి వెళ్లకూడదన్న ఘోషా పట్టింపు వల్ల కాపు ఇళ్లలో పేద స్త్రీలు లేసుకే కట్టుబడ్డారు. ఇంటిపట్టున ఉండటాన్ని గౌరవంగా భావించారు. పొలానికి వెళ్లి నాట్లు వేసే దళిత స్త్రీలు వాళ్లకంటే ఎక్కువ కూలి తెచ్చుకునేవారు, నలుగురితో కలిసి మాట్లాడేవారు, అవసరమైతే తగువూ పడేవారు. నీడ పట్టున కూర్చున్నామన్న గౌరవానికి మూల్యం ఆ 56 పైసల్లోనే ఉంది.

1982లో ఈ అధ్యయనం ‘ద లేస్ మేకర్స్ ఆఫ్ నరసాపూర్’ పేరుతో లండన్‌లో పుస్తకమైంది. ప్రపంచ మార్కెట్టు కోసం పనిచేస్తున్న స్త్రీని గృహిణిగా చూపించి ఆమె శ్రమను చవక చేసే పద్ధతి గురించి మీస్ ఈ పల్లెల్లో చూసింది తర్వాత ఆమె సిద్ధాంతానికే పునాది అయింది. మీస్ 2023లో కన్నుమూశారు. ప్రపంచంలో స్త్రీల శ్రమ గురించి చదివే విద్యార్థులకు నరసాపురం పేరు పరిచయమే. మనం మాత్రం ఆ పేరును రైలు బండ్ల మీద చదువుకుని ఊరుకున్నాం.

ఎడారిలో అక్కచెల్లెళ్లు

అమెరికా నైరుతి ఎడారుల్లో నవాహో జాతి స్త్రీలు నేసే ఉన్ని కంబళ్ల కథ చదివినప్పుడల్లా నాకు వశిష్ట గట్టే గుర్తొస్తుంది. నేత తమకు సాలెపురుగు అమ్మ నేర్పిందని వాళ్ల నమ్మకం. పొరుగునున్న ప్యూబ్లో ప్రజల నుంచి వచ్చిందని చరిత్రకారులంటారు. ప్యూబ్లోల్లో నేసేది మగవాళ్లు, నవాహోల్లో ఆడవాళ్లు. 1864లో అమెరికా సైన్యం ఆ జాతిని ఇళ్లనుంచి తరిమి, వందల మైళ్లు నడిపించి, బోస్కె రెడోండో అనే చోట బందీలుగా ఉంచింది. 1868 ఒప్పందంతో తిరిగి వచ్చేనాటికి మందలు పోయాయి. పిల్లలకు నేర్పడానికి తల్లుల చేతుల్లో విద్య మిగిలింది.

తర్వాత వర్తకులు వచ్చారు. గనాడో ఊళ్లో దుకాణం పెట్టిన హబ్బెల్ అనే వర్తకుడు తనకు నచ్చిన నమూనాలను బొమ్మలుగా వేయించి గోడకు తగిలించి, అలాంటివి నేసి తెమ్మనేవాడు. ఎన్నో దుకాణాల్లో కంబళిని తక్కెట్లో వేసి బరువు చూసి డబ్బిచ్చేవారు. అక్కడ కంబళి బరువును బట్టి డబ్బు, ఇక్కడ అల్లిన దారాన్ని బట్టి కూలి. అయితే ఒక తేడా ఉంది. సంప్రదాయంగా నవాహో స్త్రీ గొర్రెను తానే పెంచి, ఉన్ని తానే వడికి, కంబళిని మొదటి పోగు నుంచి చివరిదాకా తానే నేస్తుంది. అందుకే ఆమె పనికి పేరు పెట్టడం తేలికైంది. ఇప్పుడు క్రౌన్‌పాయింట్ ఊళ్లో జరిగే వేలంలో ప్రతి కంబళికీ చీటీ ఉంటుంది. దాని మీద నేసిన మనిషి పేరుంటుంది.

ఆ తర్వాత

మళ్లీ వశిష్ట గట్టుకు వస్తే, మీస్ వెళ్లాక మన లేసు కథ ఒక్క దారిన నడవలేదు. 1996 నవంబరు 6 తుపాను కోనసీమ కొబ్బరితోటల్ని నేలకూల్చింది. కువైట్, దుబాయ్, మస్కట్ పిలిచాయి. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి ఊళ్ల నుంచి ఆడవాళ్లు ఇంటిపనికి విమానాలెక్కారు. అమ్మమ్మల్ని గడప దాటనివ్వని పల్లెలే మనవరాళ్లను సముద్రాలు దాటించాయి. వరి పొలాలు రొయ్యల చెరువులయ్యాయి. చైనా నుంచి మిషను లేసు చవగ్గా దిగింది. నిజానికి ఆ మిషను క్రోషే అల్లికను ఉన్నదున్నట్టు అల్లదు. యంత్రం చేసేది దాని పోలికే. కానీ దూరం నుంచి చూసి కొనేవాళ్లకు ఆ పోలిక చాలు.

మరోవైపు డ్వాక్రా సంఘాలు వచ్చాయి. నరసాపురం దగ్గర సీతారామపురంలో లేసు పార్కు వెలిసింది, స్త్రీల సహకార సంఘం ఏర్పడింది. 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. పశ్చిమ గోదావరి, కోనసీమ జిల్లాల్లోని 19 మండలాలు, 15,000కు పైగా స్త్రీలు దాని పరిధిలో ఉన్నారు. ఇది నిజంగా సంతోషించాల్సిన సంగతి. ఇక మీద ఎక్కడో తయారైన లేసును నరసాపురం పేరుతో అమ్మడం చట్టరీత్యా తప్పు.

కూతుళ్లు నేర్చుకోవడం లేదని బాధపడేవాళ్లు చాలామంది ఉన్నారు. నాకూ ఆ బాధ ఉంది. అయితే నర్సింగో ఇంజినీరింగో చదివే అమ్మాయి చేతికి 56 పైసల పనిని అందించని తల్లిని తప్పుపట్టే నోరు నాకు లేదు. విద్య తెగిపోకూడదంటే ముందు దాని కూలి మారాలి. ఊరికి గుర్తింపు వచ్చింది, ఇక మనిషికి రావాలి. ప్రతి బల్లగుడ్డతోనూ ఒక చీటీ, చీటీ మీద పువ్వు అల్లినామె పేరు, అతుకు వేసినామె పేరు. క్రౌన్‌పాయింట్‌లో జరుగుతున్నది సీతారామపురంలో, దిండిలో ఎందుకు జరగకూడదు? ఈసారి ఇటు వచ్చి లేసు కొనేటప్పుడు ధరకంటే ముందు ఒక మాటడగండి: “అల్లిందెవరండీ?”

క్రోషేలో ఎంత పెద్ద దుప్పటినైనా అల్లుతున్నంతసేపూ నిలబెట్టేది కొక్కెం మీదున్న ఒక్క ఉచ్చే. దాన్ని వదిలేసి కొస లాగితే దుప్పటంతా మళ్లీ దారమవుతుంది. పని పూర్తయ్యాక దారాన్ని ఆ ఆఖరి ఉచ్చులోంచి తీసి బిగించాలి. మా ఫ్రిజ్జు మీది గుడ్డను మొన్న తిరగేసి చూశాను. అంచున ఓ మూల, వెతికితేగానీ కనబడనంత చిన్న ముడి ఉంది. ఇన్నేళ్ల ఉతుకులకు గుడ్డ పసుపెక్కింది, ఆ ముడి మాత్రం వదులవలేదు. అది వేసిన చేతి పేరు సుబ్బమ్మో సీతమ్మో అని ఊహించుకోనక్కర్లేని అదృష్టం నాది. నాకు ఆమె అమ్మమ్మ. మిగతా ముడులు వేసినవాళ్ల పేర్లు అడిగి రాసుకోవడానికి ఇంకా సమయం ఉంది. వాళ్లలో చాలామంది ఈ మధ్యాహ్నం కూడా గుమ్మం దగ్గర వెలుతురులోనే ఉన్నారు.