వంద గ్రాముల పుల్ల

1949 ఆగస్టు 5, శుక్రవారం. ఎల్డన్ డీటర్ట్‌కి ఆ రోజుతో పంతొమ్మిదేళ్ళు నిండాయి. అమెరికాలోని మోంటానా రాష్ట్రం, మిసౌలా ఊళ్ళో పుట్టినరోజు భోజనం దగ్గర ఉండగా పిలుపొచ్చింది: అడవి అంటుకుంది, విమానం సిద్ధంగా ఉంది, రావాలి. భోజనం మధ్యలోనే లేచి వెళ్ళాడు.

తండ్రి అక్కడి యూనివర్సిటీలో వృక్షశాస్త్రం ప్రొఫెసర్. కొడుకు ఫారెస్ట్రీ చదువుతున్నాడు. వేసవి వస్తే స్మోక్‌జంపర్, అంటే రోడ్డు లేని అడవిలో మంట లేచిన చోట పారాచూట్‌తో దిగి ఆర్పే మనిషి. ఆ దళాల్లో చాలామంది ఇలాంటి విద్యార్థులే. 1940లో ఈ పని మొదలైనప్పటి నుంచి తొమ్మిదేళ్ళలో వాళ్ళలో ఒక్కరు కూడా నిప్పుకు బలికాలేదు. భయం లేకపోవడానికి ఆ లెక్క కూడా ఒక కారణమై ఉంటుంది.

మంట లేచింది మిస్సోరి నది ఒడ్డున, హెలీనా పట్టణానికి ఉత్తరాన ఉన్న మాన్ గల్చ్ అనే ఇరుకు లోయలో. ముందురోజు పడిన పిడుగు రాజేసిన నిప్పు అది. విమానంలో పదహారు మంది బయలుదేరారు. కుదుపులకి ఒకడికి కడుపు తిప్పి దూకలేకపోయాడు. పదిహేను మంది దూకారు. సామాన్లతో పాటు వదిలిన రేడియో పారాచూట్ విచ్చుకోక నేలకు కొట్టుకుని ముక్కలైంది. బయటి ప్రపంచంతో మాట అక్కడితో తెగింది. కింద ఇంకొకడు కలిశాడు. పేరు జేమ్స్ హారిసన్. అంతకుముందు ఏడాది స్మోక్‌జంపర్‌గా చేసి, ఆ పని ప్రమాదమని తల్లి బెంగపడితే మానేసి, దగ్గర్లోని విడిది స్థలంలో గార్డుగా చేరినవాడు. పొగ చూసి ఒంటరిగా కొండెక్కి, అప్పటికి నాలుగు గంటలుగా మంటతో పోరాడుతున్నాడు.

ఇక్కడ కథ ఆపి ఒక పుల్ల గురించి చెప్పాలి.

పక్క రాష్ట్రం ఐడహోలోని ప్రీస్ట్ రివర్ ప్రయోగ అడవిలో హ్యారీ గిస్‌బోర్న్ అనే శాస్త్రజ్ఞుడు 1922 నుంచి ఒకే ప్రశ్న పట్టుకుని కూర్చున్నాడు. అడవి ఈ రోజు ఎంత అంటుకునేలా ఉంది? దానికి ఆయన వాడిన సాధనాల్లో ఒకటి అర అంగుళం మందం ఉన్న పైన్ పుల్లలు. ఈ పద్ధతిలో స్థిరపడిన కట్ట ఇలా ఉంటుంది: పొయ్యిలో పూర్తిగా ఎండబెడితే సరిగ్గా వంద గ్రాములు తూగేలా కోసి, నాలుగు పుల్లలు కలిపి కట్టి, బయట నేలకు కాస్త ఎత్తులో ఉంచుతారు. గాలిలో చెమ్మ ఉంటే పుల్ల పీలుస్తుంది, ఎండ కాస్తే వదిలేస్తుంది. మధ్యాహ్నం తూకం వేస్తే నూట పన్నెండు గ్రాములుందనుకోండి, చెమ్మ పన్నెండు శాతం. నూట నాలుగు ఉందంటే అడవి అగ్గిపెట్టెలా ఉందన్నమాట. కూడికలూ తీసివేతలూ వచ్చిన పిల్లాడు కూడా చదవగల పరికరం. ఎంత తెలివైన ఆలోచనో చూడండి! ఈ చెమ్మకి గాలి వేగం, వాతావరణం జోడించి ప్రమాదం ఎంతో చెప్పే ఒక మీటరు కూడా తయారుచేశాడు గిస్‌బోర్న్. మొదటి నమూనాని కోడక్ కంపెనీ ఫొటోగ్రాఫర్లకి అమ్మే వెలుతురు మీటరు చూసి మలిచాడు.

ఆ ఆగస్టు 5 మధ్యాహ్నం హెలీనాలో ఎండ 97 డిగ్రీల ఫారెన్‌హీట్, మన లెక్కలో 36. ప్రమాద సూచిక నూటికి డెబ్బై నాలుగు. అంటే గిస్‌బోర్న్ శాస్త్రం ఆ రోజు హెచ్చరించింది. అడవి ఎంత ఎండిందో చెప్పింది. అంటుకున్నాక మంట ఎటు వెళ్తుంది, నిమిషానికి ఎన్ని అడుగులు పరిగెడుతుంది అన్న లెక్క మాత్రం ఇంకా ఎవరి దగ్గరా లేదు.

సాయంత్రం ఐదు ముప్పావు. దళనాయకుడు వాగ్ డాడ్జ్ అందరినీ వెంటబెట్టుకుని లోయ వెంట నది వైపు దిగుతున్నాడు. మంట అవతలి వాలు మీద ఉంది, వెనక నీళ్ళు ఉంటే క్షేమమని ఆయన లెక్క. లోయ ముఖద్వారం కనిపించేసరికి మంట గాలికి ఇవతలి వాలు మీదికి దూకేసింది. నదికి దారి మూసుకుపోయింది. డాడ్జ్ వెనక్కి తిప్పాడు. ఇక మిగిలింది పైకి ఎక్కడమే.

ఆ వాలు మీద పెద్ద చెట్లు తక్కువ. మోకాలెత్తు ఎండుగడ్డి. ఈ కుర్రాళ్ళు ఎరిగింది ఎక్కువగా చెట్ల మంట, దుంగల మంట, నిలిచి కాలేది. గడ్డి మంట తీరు వేరు, పరిగెడుతుంది. పైగా కొండవాలు. వాలు మీద మంట ముందుకు వంగి పైనున్న గడ్డిని తాకకముందే వేడెక్కించి సిద్ధం చేసుకుంటుంది. నిటారు పెరిగేకొద్దీ మనిషి కాలు నెమ్మదిస్తుంది, నిప్పు కాలు జోరందుకుంటుంది. డాడ్జ్ వెనక్కి తిరిగాక ఎనిమిది నిమిషాలకి, బరువైన పనిముట్లు పారేయమని కేకేశాడు. పార, రంపం పట్టుకుని పరిగెడుతున్నారు వాళ్ళు అప్పటిదాకా. పనిముట్టు వదిలేయడమంటే పనివాడికి ఓటమి ఒప్పుకోవడమే కదా, అందుకే ఆ కేక దాకా పట్టుకునే ఉన్నారేమో అనిపిస్తుంది నాకు.

ఇంకో రెండు నిమిషాలు. డాడ్జ్ హఠాత్తుగా ఆగి, అగ్గిపుల్ల గీసి తన ముందున్న గడ్డికి అంటించాడు. ఆ మంట పైకి పోగా మిగిలిన బూడిదలోకి నడిచి, రండి రండి అని పిలిచాడు. ఒకసారి కాలిన గడ్డి మళ్ళీ కాలదు, వెనకొచ్చే మంట చుట్టూ తిరిగి పోతుంది. ఇప్పుడు వింటే తేలిగ్గా ఉంది. వెనక నిప్పు తరుముతుంటే ముందు ఇంకో నిప్పు పెట్టిన నాయకుడికి మతి పోయిందనుకోకుండా ఆగి ఆలోచించే వ్యవధి వాళ్ళకి లేదు. ఒక్కరూ లోపలికి రాలేదు. డాడ్జ్ బూడిదలో బోర్లా పడుకున్నాడు. మంట ఆయన పక్క నుంచి దాటిపోయింది.

పదిహేడేళ్ళ రాబర్ట్ శాలీ, వాల్టర్ రమ్సీ గట్టు మీదికి పాకి, రాళ్ళ మధ్య ఒక చీలికలో దూరి అవతల పడ్డారు. డీటర్ట్ ఆ చీలిక వరకు వాళ్ళతోనే వచ్చాడు. ఎందుకో అందులోకి రాలేదు, పక్కకి తిరిగి పైకి సాగిపోయాడు. తర్వాత హారిసన్ చేతి గడియారం దొరికింది. వేడికి ముళ్ళు కరిగి అతుక్కుని ఉన్నాయి. ఐదు యాభై ఆరు.

పదకొండు మంది అక్కడే పోయారు. ఇద్దరు మర్నాడు ఆసుపత్రిలో పోయారు. మొత్తం పదమూడు మంది. అందరూ ముప్పై లోపు వాళ్ళే.

ఆ నవంబరు 9న గిస్‌బోర్న్ మాన్ గల్చ్ ఎక్కాడు. వయసు యాభై ఆరు, గుండె జబ్బు. వద్దన్నా ఆగలేదు. లోయలో గాలి సుడులు ఎలా తిరిగి ఉంటాయో ఆయనకు ఒక ఊహ ఉంది. వాలు మీది ఆనవాళ్ళు చూస్తూ పోతే తన ఊహ నిలవడం లేదని తేలింది. బాధపడలేదట. కొత్తగా మొదలుపెట్టవచ్చని సంతోషించాడట. తిరుగుదారిలో గుండె ఆగి అక్కడే కన్నుమూశాడు. మాన్ గల్చ్ తీసుకున్న పద్నాలుగో ప్రాణమని ఆయన్ని లెక్కపెట్టాలంటాను.

ఆయన వదిలిన ప్రశ్న పదకొండేళ్ళ తర్వాత ఒక ఇంటికి చేరింది. 1960లో మిసౌలాలోనే, డీటర్ట్ పుట్టినరోజు భోజనం వదిలి వెళ్ళిన ఊళ్ళోనే, అగ్ని ప్రయోగశాల తెరిచారు. అందులో గాలి సొరంగాలు పెట్టి చిన్న చిన్న మంటల్ని ఊది, పరుగు కొలిచారు. విమానాల ఇంజనీరింగ్ చదివిన రిచర్డ్ రాథర్మెల్ అక్కడ చేరి, 1972లో మంట వ్యాపించే వేగానికి ఒక గణిత సూత్రం ప్రచురించాడు. నేల మీద ఎండుపోచ, ఆకు, పుల్ల ఎంత ఉంది, ఎంత మందాన పరుచుకుంది, చెమ్మ ఎంత, గాలి ఎంత, వాలు ఎంత? ఇవి ఇస్తే వేగం చెబుతుంది. అమెరికాలో మంట దారిని ముందే అంచనా వేసే కంప్యూటర్ ప్రోగ్రాముల్లో చాలావాటికి నేటికీ అదే పునాది. 1993లో రాథర్మెల్ అదే సూత్రంతో మాన్ గల్చ్ చివరి నిమిషాలను లెక్కగట్టాడు. నివేదికకి పెట్టిన పేరులోనే ఫలితం చెప్పాడు: అది గెలవలేని పరుగు.

సూత్రం ఉంటే చాలదు, దానికి అంకెలు పెట్టాలి. ఆ అంకెలు తెచ్చేది ఎక్కువగా విద్యార్థులే. వేసవిలో పరిశోధన సహాయకులుగా చేరిన పిల్లలు అడవిలో నేల మీద చదరపు చట్రం పెట్టి, లోపలి గడ్డిని మొదలంటా కత్తిరించి సంచిలో వేస్తారు. టేపు పరిచి, దాన్ని దాటిన ఎండు పుల్లల్ని మందం వారీగా లెక్కపెడతారు: పావు అంగుళం లోపువి, అంగుళం లోపువి, మూడు అంగుళాల లోపువి. సంచుల్ని తూచి, పొయ్యిలో ఎండబెట్టి, మళ్ళీ తూచి రాసుకుంటారు. విసుగు పుట్టించే పని. డీటర్ట్ బతికుంటే, ఫారెస్ట్రీ విద్యార్థిగా అతను కూడా ఈ సంచులు మోసేవాడేమో.

ఇదంతా అమెరికా కథ. ఇక మన అడవుల్లో మంట సాధారణంగా చెట్ల కొమ్మలకు ఎక్కదు. నేల మీద ఎండుటాకుల్లో, గడ్డిలో పాకుతుంది. మాన్ గల్చ్ కుర్రాళ్ళని మింగింది కూడా గడ్డే. ఉపగ్రహాలు మంటను పట్టుకుంటే హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్‌ఆర్‌ఎస్‌సీ) ఆ సమాచారాన్ని అటవీశాఖలకు అందిస్తుంది. కానీ కబురు అందాక కొండెక్కి ఆర్పాల్సింది ఫైర్ వాచర్లు, కూలి మీద వచ్చిన కుర్రాళ్ళు. అందుకే శివరాత్రికి శ్రీశైలం నడిచివెళ్ళే భక్తులకు నా మనవి ఒక్కటే. నల్లమల దారిలో బీడీ ముక్క విసరకండి, అడవిలో పొయ్యి పెట్టకండి. అనుమతి ఉన్న చోట వండుకుంటే, లేచేముందు పొయ్యి మీద నీళ్ళు పోసి, బూడిద చల్లబడిందో లేదో చేత్తో తాకి చూసి కదలండి.