రోలర్ స్కీయింగ్‌లో దిగుడు వేగ నియంత్రణ

రోలర్ స్కీయింగ్ అనగా చక్రాలు గల స్కీలను కాళ్ళకు తగిలించుకొని, రెండు చేతులతో కర్రలు పట్టుకొని తారు రోడ్డుపై సాగే క్రీడ. నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, ఇటలీ, రష్యా మొదలైన దేశాలలో క్రాస్ కంట్రీ స్కీయింగ్ మరియు బయాథ్లాన్ క్రీడాకారులు మంచు లేని నెలలలో సాధన కొరకు దీనిని ఆశ్రయిస్తారు. చదునైన రోడ్డుపైనా, ఎగువకు ఎక్కేటప్పుడూ ఇందులో ప్రమాదం తక్కువే. వాలు దిగేటప్పుడు మాత్రం పరిస్థితి పూర్తిగా మారిపోతుంది. ఎందుకనగా సాధారణమైన రోలర్ స్కీకి బ్రేకు ఉండదు. మంచుపై నేర్చుకున్న ఆపే పద్ధతులలో కొన్ని తారు రోడ్డుపై అసలు పనిచేయవు, కొన్ని సగం మాత్రమే పనిచేస్తాయి. కనుక దిగుడు వేగాన్ని అదుపులో ఉంచుకోవడం ఈ క్రీడలో ప్రత్యేకంగా నేర్వవలసిన విద్య.

స్కీ నిర్మాణం

రోలర్ స్కీలో అల్యూమినియం, కార్బన్ నార వంటి పదార్థాలతో చేసిన ఒక దండం, దాని రెండు కొనలలో చక్రాలు ఉంటాయి. బూటు ముందు భాగం మాత్రమే బైండింగ్‌కు బిగించబడి ఉంటుంది. మడమ స్వేచ్ఛగా పైకి లేస్తుంది. స్కేటింగ్ శైలికి వాడే స్కీల చక్రాలు సన్నగా, వ్యాసంలో పెద్దవిగా ఉంటాయి. క్లాసిక్ శైలి స్కీల చక్రాలు వెడల్పుగా ఉంటాయి. అంతర్జాతీయ స్కీ సమాఖ్య నిబంధనల ప్రకారం పోటీలలో వాడే స్కీల ముందు, వెనుక చక్రాల మధ్య దూరం కనీసం 53 సెంటీమీటర్లు ఉండాలి. చక్రం వ్యాసం 100 మిల్లీమీటర్లకు మించరాదు.

క్లాసిక్ స్కీలలో ఒక చక్రం ముందుకు మాత్రమే తిరిగేటట్లు లోపల ఒక ఏర్పాటు ఉంటుంది. కాలితో వెనుకకు తన్ని ముందుకు సాగడానికి ఇది అవసరం. కొత్తవారు కొందరు దీనిని బ్రేకు అని భ్రమపడతారు. స్కీ వెనుకకు జారకుండా ఆపడమే దీని పని. ముందుకు దొర్లడాన్ని ఇది ఏమాత్రం అడ్డుకోదు.

మంచు స్కీకి, దీనికి ఉన్న అసలు తేడా అడ్డంగా కదలడంలో ఉంది. మంచుపై స్కీని ప్రయాణ దిశకు అడ్డంగా తిప్పితే దాని అంచు మంచును గీకుతూ జారుతుంది, ఆ ఘర్షణకు వేగం తగ్గుతుంది. రబ్బరు చక్రం అలా జారదు. అది తన దిశలో దొర్లుతుంది, అడ్డదిశలో రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది. వేగంగా పోతూ రెండు స్కీలనూ ఒక్కసారిగా అడ్డం తిప్పితే చక్రాలు రోడ్డును పట్టుకొని ఆగిపోతాయి, వాటిపై ఉన్న మనిషి మాత్రం ఆగడు. మంచుపై ఏళ్ళ తరబడి అనుభవం ఉన్నవారికి కూడా అలవాటు చొప్పున ఈ పొరపాటు జరిగే అవకాశం ఉన్నది.

వేగం పెరిగే విధానం

వాలుపై నిలబడిన మనిషిని గురుత్వాకర్షణ క్రిందికి లాగుతుంది. చక్రాల దొర్లుడు ఘర్షణ, గాలి నిరోధం వెనుకకు లాగుతాయి. ఈ రెండు వైపులా సమానమైనప్పుడు వేగం ఇక పెరగదు. 75 కిలోల బరువున్న వ్యక్తి నిటారుగా నిలబడి ఉన్నాడనీ, చక్రాల ఘర్షణ గుణకం 0.02 అనీ అనుకొని లెక్క వేస్తే 3 శాతం వాలులో (100 మీటర్ల దూరానికి 3 మీటర్ల దిగుడు) గరిష్ఠ వేగం గంటకు సుమారు 18 కిలోమీటర్లు వస్తుంది. 6 శాతం వాలులో అదే వ్యక్తి వేగం సుమారు 36 కిలోమీటర్లు. వాలు రెండింతలైతే వేగమూ రెండింతలైంది, గతిజశక్తి నాలుగింతలైంది. కంటికి ఈ రెండు వాలుల మధ్య తేడా పెద్దగా కనిపించదు. చిక్కంతా ఇక్కడే ఉంది.

గంటకు 36 కిలోమీటర్లు అనగా సెకనుకు 10 మీటర్లు. సుమారు 5 మీటర్ల ఎత్తు నుండి పడిన వస్తువు నేలను తాకే వేగం ఇదే. ఎదుట ఏదో అడ్డు కనిపించి, మెదడు గ్రహించి, కాళ్ళు కదిలేలోగా ఒక సెకను గడిచినా మనిషి పది మీటర్లు ముందుకు పోయి ఉంటాడు.

ఈ వేగం వెంటనే రాదు. పై లెక్క ప్రకారమే 6 శాతం వాలులో కదలిక లేని స్థితి నుండి మొదలుపెడితే 50 మీటర్ల తరువాత వేగం గంటకు 20 కిలోమీటర్లు, 100 మీటర్ల తరువాత 26 కిలోమీటర్లు ఉంటుంది. కనుక వేగాన్ని తగ్గించే ప్రయత్నం ఏదైనా మొదటి కొన్ని పదుల మీటర్లలోనే జరగాలి. కొద్దిపాటి వేగాన్ని అదే స్థాయిలో నిలిపి ఉంచడం సాధ్యమే. పెరిగిపోయిన వేగాన్ని వాలు మధ్యలో తగ్గించడం చాలా కష్టం. సైకిలుపై ఘాట్ రోడ్డు దిగినవారికి ఈ అనుభవం కొంత తెలిసే ఉంటుంది, అయితే సైకిలుకు రెండు బ్రేకులుంటాయి.

నెమ్మదైన చక్రాలు

తయారీదారులు చక్రాలను అవి దొర్లే వేగాన్ని బట్టి వర్గీకరించి, వాటికి అంకెలు ఇస్తారు. నెమ్మదైన చక్రాలు వేసుకుంటే దిగుడు భయం ఉండదనే అభిప్రాయం కొందరిలో ఉన్నది. ఇది కొంతవరకే నిజం. ఘర్షణ గుణకం 0.02కు బదులు 0.03 అయితే 3 శాతం వాలులో స్కీ దానంతట అది కదలదు. అదే 6 శాతం వాలులో గరిష్ఠ వేగం 36 నుండి సుమారు 31 కిలోమీటర్లకు మాత్రమే తగ్గుతుంది. అనగా నెమ్మదైన చక్రం మెల్లని వాలులో బాగా ఉపకరిస్తుంది, నిటారు వాలులో దాని సాయం స్వల్పం.

దిగడానికి ముందు

అనుభవజ్ఞులు తెలియని వాలును ఎన్నడూ పైనుండి మొదలుపెట్టరు. ముందుగా క్రింది నుండి ఎక్కుతూ చూస్తారు. వాలు ఎంత పొడవు, మధ్యలో మలుపు ఉందా, రోడ్డు ప్రక్కన గడ్డి ఉందా లేక కాలువ, ఇనుప కంచె ఉన్నాయా అన్నవి గమనిస్తారు. అన్నిటికన్నా ముఖ్యమైనది వాలు ఎక్కడ ముగుస్తుంది అన్న ప్రశ్న. క్రింద పొడవైన చదును రోడ్డు, ఆపై చిన్న ఎగువ ఉంటే స్కీ దానంతట అదే నెమ్మదిస్తుంది. క్రింద నాలుగు రోడ్ల కూడలి, రైలు గేటు, ఎదురుగా కనిపించని మలుపు ఉంటే ఆ వాలు ఎంత చిన్నదైనా స్కీలపై దిగదగినది కాదు.

అటువంటి చోట స్కీలు విప్పి చేతపట్టుకొని నడిచి దిగడం ఉత్తమం. ఇందులో నామోషీ ఏమీ లేదు. నార్వేలో జరిగే లూసెబోట్న్ ఓప్ అనే ప్రసిద్ధమైన పోటీలో ప్రపంచ స్థాయి క్రీడాకారులు 27 మెలికలు గల కొండ రోడ్డుపై సుమారు 640 మీటర్ల ఎత్తు ఎక్కుతారు. పోటీ ఎగువకు మాత్రమే. అదే రోడ్డుపై దిగుడు పోటీ పెట్టరు. మంచు క్రీడలలో ఎక్కడం, దిగడం రెండూ పరీక్షింపబడతాయి గానీ చక్రాల విషయంలో ఎగువ దారులను ఎన్నుకోవడం వివేకమే అనిపిస్తుంది.

వేగం తగ్గించే పద్ధతులు

వీటిలో మొదటిది, తేలికైనది నిటారుగా నిలబడడం. మోకాళ్ళు కొద్దిగా వంచి, నడుము పైభాగాన్ని నిలువుగా ఉంచి, చేతులు రెండు ప్రక్కలకు చాపితే గాలి ఎక్కువగా అడ్డుకుంటుంది. పైన చెప్పిన 6 శాతం వాలులో ముడుచుకొని కూర్చున్న భంగిమలో వేగం 46 కిలోమీటర్ల వరకు పోవచ్చు. చేతులు చాచి నిలబడితే 33కు దిగవచ్చు. భయం కలిగినప్పుడు మనిషి సహజంగా వంగి ముడుచుకుంటాడు. దానివలన వేగం ఇంకా పెరుగుతుంది. కనుక ఈ సహజ ప్రవృత్తిని అభ్యాసంతో మాన్పించుకోవాలి. చేతులు చాచినప్పుడు కర్రల మొనలు వెనుకకే ఉండాలి.

రెండవది స్నోప్లౌ. స్కీల ముందు కొనలను దగ్గరగా, వెనుక కొనలను దూరంగా ఉంచి, గుడిసె కప్పు ఆకారంలో కాళ్ళను విడదీసి, మడమలతో బయటికి నొక్కాలి. మంచుపై అంచులు గీకడం వలన వేగం తగ్గుతుంది. ఇక్కడ చక్రాలు తమ దిశలో లోపలికి దొర్లి కలుసుకోవాలని చూస్తాయి, కాళ్ళు వాటిని బయటికి నెడతాయి. ఈ పెనుగులాటలో రబ్బరు రోడ్డుపై రాసుకొని శక్తి ఖర్చవుతుంది. తొడ కండరాలకు ఇది చాలా శ్రమ. ఒక కిలోమీటరు పొడవైన వాలులో చివరి వరకు ఇలా పట్టి ఉంచడం బలవంతులకు కూడా కష్టం. కొనలు మరీ దగ్గరైతే ముందు చక్రాలు ఒకదానికొకటి తగిలి మనిషి ముందుకు పడతాడు. వాటి మధ్య ఒక జానెడు దూరం ఉంచడం మంచిది. తక్కువ వేగంలో మొదలుపెట్టి చివరి వరకు వదలకుండా ఉంచినప్పుడే ఈ పద్ధతి ఫలిస్తుంది. ముందు వేగం అందుకొని తరువాత స్నోప్లౌ వేద్దామనుకుంటే స్కీలు వణకడం మొదలవుతుంది.

వెడల్పైన, వాహనాలు తిరగని దారిలో అడుగులు మారుస్తూ పాము నడకలా అటూ ఇటూ మలుపులు తిరగవచ్చు. దానివలన వాలు మెల్లనిదై, దిగే దూరం పెరుగుతుంది. మామూలు రోడ్డుపై ఇది అత్యంత ప్రమాదకరం, వెనుక నుండి వచ్చే వాహనచోదకుడు ఈ మలుపులను ఊహించలేడు.

చివరి ఉపాయం రోడ్డు వదిలి గడ్డిలోకి దిగడం. గడ్డిలో చక్రాలకు ఒక్కసారిగా అడ్డు తగులుతుంది, శరీరం మాత్రం ముందుకే పోతుంది. అందుచేత గడ్డిని తాకే ముందే ఒక పాదం ముందుకు ఉంచి, మోకాళ్ళు బాగా వంచి, బరువును కొంచెం వెనుకకు వేయాలి; తాకిన వెంటనే పరుగెత్తుతున్నట్లు పెద్ద పెద్ద అడుగులు వేయాలి. దీనిని ముందు చదునైన చోట, నడక వేగంతో, పదే పదే అభ్యసించాలి. మొదటిసారి ఆపదలోనే ప్రయత్నించేవారికి ఇది సరిగా రాదు.

కర్రలను రోడ్డుకు ఆనించి ఆగే ప్రయత్నం నిష్ప్రయోజనం. గట్టి లోహపు మొనలు తారుపై గీసుకుపోతాయే కాని చెప్పుకోదగ్గ నిరోధాన్ని ఇవ్వవు. కర్రలను కాళ్ళ మధ్య పెట్టుకొని వాటిపై కూర్చునే అలవాటు మరీ చెడ్డది. కర్ర విరిగితే దాని ముక్కే గాయం చేస్తుంది.

బ్రేకులు గల స్కీలు

కొందరు తయారీదారులు విడిగా బ్రేకులు అమ్ముతారు. ఒక రకంలో పిక్క వెనుక ఒక మీట ఉంటుంది. కాలిని ముందుకు చాపి పిక్కతో మీటను నొక్కితే ఒక దిమ్మ చక్రానికి ఆనుతుంది. ఇంకొక రకంలో వాలుకు ముందు ఆగి, మరను త్రిప్పి చక్రంపై ఒత్తిడి పెంచుకోవాలి. ఇది వేగాన్ని పరిమితం చేస్తుంది గాని హఠాత్తుగా ఆపదు. చేతికర్ర పిడి నుండి తీగలు లేకుండా సంకేతం పంపి పనిచేయించే బ్రేకులు నార్వేలో తయారయ్యాయి. బ్రేకుల వలన బరువు పెరుగుతుందని పోటీ క్రీడాకారులు వీటిని అంతగా ఇష్టపడరు. కొత్తగా నేర్చుకునేవారు, ముఖ్యంగా నడివయసు దాటినవారు ఆ బరువును లెక్కచేయనవసరం లేదు.

రోడ్డు, వాతావరణం

చక్రం చిన్నది కనుక సైకిలు గమనించని రాయి కూడా రోలర్ స్కీని నిలిపివేయగలదు. మలుపుల లోపలి వైపు చేరే ఇసుక, కంకర ముఖ్యంగా గమనించవలసినవి. తడిసిన రోడ్డుపై రంగు గీతలు, మ్యాన్‌హోల్ ఇనుప మూతలు, రాలిన ఆకులు జారుతాయి. చక్రాలు రోడ్డును పట్టుకోవడంపైనే స్నోప్లౌ ఆధారపడి ఉన్నది కనుక వాన కురిసినప్పుడు దానిని నమ్ముకోరాదు. పొడి రోడ్డుపై సులువుగా దిగిన వాలునే వానలో నడిచి దిగవలసి రావచ్చు.

రక్షణ సామగ్రి

అంతర్జాతీయ పోటీలలో శిరస్త్రాణం, కంటి అద్దాలు తప్పనిసరి. సాధనలో కూడా శిరస్త్రాణం లేకుండా దిగరాదు. పడేటప్పుడు మనిషి ముందుగా అరచేతులు ఆనిస్తాడు గనుక చేతి తొడుగులు అవసరం. మోచేతి, మోకాలి కవచాలు నేర్చుకునే దశలో చాలా మేలు చేస్తాయి. దూరానికి కనిపించే ముదురు పసుపు లేదా నారింజ రంగు చొక్కా ధరించాలి. బయలుదేరే ముందు చక్రాల ఇరుసు మరలు బిగువుగా ఉన్నాయో లేదో, బైండింగ్ సరిగా పట్టిందో లేదో చూసుకోవాలి.

పడక తప్పదని తెలిసినప్పుడు శరీరాన్ని క్రిందికి దించి, ప్రక్కకు, గడ్డి ఉన్న వైపుకు పడడం మేలు. చేతులు బిగదీసి ముందుకు చాపితే మణికట్టు విరగవచ్చు. ఎంత ఎత్తు నుండి పడితే అంత దెబ్బ, కనుక ముందే కూర్చున్నట్లు వంగడం ఉపకరిస్తుంది. వేగం తగ్గించడానికి నిటారుగా నిలబడాలనీ, పడడానికి ముందు వంగాలనీ చెప్పడం పరస్పర విరుద్ధంగా తోచవచ్చు. మొదటిది వాలు ఆరంభానికి, రెండవది వేరే దారి లేని చివరి క్షణానికి వర్తిస్తుంది.

పోటీలు, చట్టం

అంతర్జాతీయ స్కీ సమాఖ్య ఆధ్వర్యంలో రోలర్ స్కీ ప్రపంచ ఛాంపియన్‌షిప్ పోటీలు మొదటిసారి 2000లో నెదర్లాండ్స్‌లో జరిగాయి. కొండలు లేని ఆ దేశంలో ఈ పోటీలు మొదలవడం విశేషం. పోటీల సమయంలో రోడ్డుపై వాహనాలను ఆపివేస్తారు కనుక అక్కడి వేగాలను చూసి మామూలు రోడ్డుపై అనుకరించరాదు. నార్వే రహదారి చట్టం స్కీలు, రోలర్ స్కీలు, స్కేట్లపై వెళ్ళేవారిని పాదచారులుగానే పరిగణిస్తుంది. అనగా 6 శాతం వాలులో గంటకు 36 కిలోమీటర్ల వేగంతో దిగే వ్యక్తి కూడా చట్టం దృష్టిలో నడిచిపోయే మనిషే.