ఒంటిగది బడి (బస్తర్)

బస్తర్‌లో ఒంటిగది బడి ఎదుర్కొన్న ప్రతిఘటనను చదువుపై ఆదివాసుల అయిష్టంగా వివరించడం సరికాదు; ఆ బడి ఎవరి చేతిలో ఉందన్నదే అసలు తగవు. 1910లో గుండాధూర్ పేరుతో ముడిపడిన భూమ్‌కాల్ తిరుగుబాటులో పోలీసు ఠాణాలతో పాటు బడులూ తగలబడ్డాయి. అడవుల రిజర్వు, వెట్టిచాకిరీల సరసనే బడి కూడా సంస్థానం మోపిన భారంగా ఊరికి చేరింది మరి. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో సల్వాజుడుం మొదలయ్యాక అదే గది మళ్లీ యుద్ధంలో చిక్కింది: భద్రతాబలగాలు బడుల్లో మకాం వేశాయి, మావోయిస్టులు భవనాలు పేల్చారు. బడులు ఖాళీ చేయాలని 2011లో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది.

ఈలోగా వెదురుతో కట్టిన పోర్టా కేబిన్ ఆశ్రమ బడులు వచ్చాయి. ఒకే పంతులు ఐదు తరగతులు చూసే గదికన్నా ఇవే మేలన్న వాదన కొట్టిపారేయదగ్గది కాదు. ఊళ్లు చెదిరిన చోట తిండి, వసతి, చదువు ఇక్కడే దొరికాయి. అయినా ఆరేళ్ల పిల్లను గోండీ, హల్బీ, కోంటా వైపు దొర్లీ మాట్లాడే ఇంటికి దూరం చేయడం చాలా పెద్ద మూల్యం. 2010లో అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 60 మంది లోపు పిల్లలున్న ప్రాథమిక బడికైనా ఇద్దరు ఉపాధ్యాయులు, ఒక్కొక్కరికి ఒక గది ఉండాలంటోంది. ఆ లెక్కన ఊళ్లోనే రెండో గది, రెండో పంతులు ఆ పిల్లలకు చట్టప్రకారం రావలసినవే.